పేగులో గులాబీ మచ్చ

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. మా ఆయన పోయిన తర్వాత మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తుల దగ్గర చేయి తడబడుతుంది. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోతాయి. తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్లకు జరిగింది చెబుతాను. నీళ్ల పైపుల పని చేయించే మేస్త్రీ ఒకాయన ఆసుపత్రిలో రక్తం పోయి చావుబతుకుల మధ్య ఉన్నాడు. విషం పెట్టిందని ఆయన కోడల్ని పట్టుకెళ్లి స్టేషన్లో కూర్చోబెట్టారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ పిల్ల తల్లి వచ్చి డిటెక్టివ్ జల్లెడ కాళ్లావేళ్లా పడింది. జల్లెడ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఎవరేం చెప్పినా ఆడించి ఆడించి, జారిపోయింది జారిపోగా పైన మిగిలిందాన్ని పట్టుకుని వదలదని పోలీసులు వెటకారానికి పెట్టిన పేరు. ఆమె దాన్నే ఆఫీసు బోర్డు మీద రాయించుకుంది.

*

లిఫ్టు పనిచేయడం లేదు. కడుపు డాక్టరు గది నాలుగో అంతస్తులో ఉంది. జల్లెడ రెండు చోట్ల ఆగి, రెండు చోట్లా ఆ లిఫ్టు కట్టినవాణ్ణి, బాగు చేయించనివాణ్ణి తిట్టుకుని పైకి చేరేసరికి, డాక్టరు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో ఇన్‌స్పెక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆమెకు వరసకు మరిది. ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె చేత లెక్కలు చెప్పించుకుని పరీక్ష గట్టెక్కినవాడు. ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు, క్షమించలేదు కూడా.

"రండి వదినా. కాసేపు ఊపిరి తీసుకోండి, తర్వాత తిడుదురుగాని."

"నిన్ను తిట్టడానికి ఊపిరి అంత అవసరం లేదులేవయ్యా. లే, ఆ కుర్చీ ఇటు తే."

అతను లేచాడు. లేస్తూనే తన కేసు మొత్తం అప్పజెప్పాడు. మూడు నెలల క్రితం మేస్త్రీ తన పని, మనుషులు, సామాను కొట్టు అన్నీ కోడలి చేతికిస్తానని నలుగురిలో చెప్పాడు. మొన్న ఆయన కెమెరా పరీక్షకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పన్నెండింటికి కోడలు ఫ్లాస్కులో సూపు తెచ్చింది. సాయంత్రానికి ఆయనకు విపరీతంగా రక్తం పోయింది. ఇంట్లో వెతికితే వంటగది అటక మీద ఎలుకల మందు పొట్లం దొరికింది, సగం ఖాళీ. ఎలుకల మందు తింటే రక్తం గడ్డకట్టదన్న సంగతి అందరికీ తెలిసిందే. ఇంకేం కావాలి అన్నాడు.

అప్పగిస్తానన్న మనిషిని ఎవరైనా చంపుకుంటారా అని జల్లెడ అడిగింది. రేపు ఆయన మనసు మారితే అన్నాడు అతను. మీ ఇంట్లో ఎలుకల మందు లేదా అని అడిగింది. ఉంటే ఉంది గాని, మా ఇంట్లో ఎవరికీ రక్తం పోలేదు కదా అన్నాడు. ఇలాంటి జవాబులు విన్నప్పుడు ఆమెకు ఎడమ కణతలో సన్నగా నొప్పి మొదలవుతుంది. ఇవాళ కూడా మొదలైంది.

డాక్టరు అప్పటిదాకా కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉన్నాడు. రెండు రాత్రులుగా నిద్రలేని ముఖం. ఆయన ఇద్దరి మీదా సమానంగా విసుక్కున్నాడు. విషమూ లేదు, నేరమూ లేదు, ఇది జబ్బు అన్నాడు.

మేస్త్రీ కాలేయం ఎప్పుడో గట్టిపడిపోయింది. పేగుల నుంచి వచ్చే రక్తం అందులోంచి సాఫీగా పోలేక వెనక్కి తన్నుతుంది. ఆ ఒత్తిడికి అన్నవాహికలో నరాలు ఉబ్బి, రెండేళ్ల క్రితం పగిలి, ఆయన బకెట్టెడు రక్తం కక్కుకున్నాడు. అప్పుడు డాక్టరే గొట్టం వేసి, ఉబ్బిన నరాలకు చిన్న చిన్న రబ్బరు ఉంగరాలు తొడిగి, కొన్ని విడతల్లో వాటిని ఎండిపోయేలా చేశాడు. పైన బాగుపడింది. కానీ ఒత్తిడి ఎక్కడికీ పోదు కదా. అలా వైద్యం అయినవాళ్లలో చాలామందికి కింద పేగుల లోపలి పొర మారిపోతుంది. వాస్తుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి, సన్నటి నరాలు పైకి తేలుతాయి. అక్కడి నుంచి రక్తం ఊరుతుంది. మేస్త్రీకి రెండు నెలలుగా మలం నల్లగా పోతున్నది అందుకే. దాన్ని చూడటానికే కెమెరా మింగించాం, చూశాం, అనుకున్నదే కనిపించింది అని ముగించాడు.

"ఆ మాట రాసిస్తారా?" అంది జల్లెడ.

"కావచ్చు అని రాస్తాను."

"కావచ్చుకి బెయిలు రాదు డాక్టరుగారూ," అని ఇన్‌స్పెక్టరు సంతోషంగా అన్నాడు. "మొన్న విషం కాదని చెప్పలేనన్నది మీరే."

"ఇప్పటికీ చెప్పలేననే అంటున్నాను. దాన్ని విషం అని రాసుకున్నది మీరు."

వాళ్లిద్దరూ కాసేపు ఆ ముక్క మీదే కొట్టుకున్నారు. జల్లెడకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఒకరికి అటక మీద పొట్లం దొరికింది, ఆగిపోయాడు. ఇంకొకరికి పేగులో జబ్బు దొరికింది, ఆగిపోయాడు. రెండు నెలలుగా చెమ్మలా ఊరిన రక్తం ఒక్క సాయంత్రం కుండ పగిలినట్టు ఎందుకు పోయిందని ఆమె డాక్టరును అడిగింది. అలా జరగొచ్చు అన్నాడు ఆయన. ఆ సాయంత్రమే ఎందుకు జరగాలి అని అడిగింది. ఎప్పుడైనా జరగొచ్చు అన్నాడు.

"అయితే ఆ బొమ్మలు నాకూ చూపించండి."

"మీకేం అర్థమవుతుందమ్మా?"

"అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్తాను. నా మరిదిలా రాసుకోను."

ఇన్‌స్పెక్టరు ముఖం తిప్పుకున్నాడు గాని గదిలోంచి కదల్లేదు.

ఆ కెమెరా చిక్కుడు గింజంత ఉంటుంది. మేస్త్రీని ముందురోజు సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చుకుని, ఖాళీ కడుపుతో ఉంచి, పొద్దున ఎనిమిదింటికి గ్లాసెడు నీళ్లతో దాన్ని మింగించారు. అది పేగుల్లోంచి పోతూ బొమ్మలు తీస్తుంటే, నడుముకు కట్టిన బెల్టు వాటిని పట్టుకుంటుంది. ప్రతి బొమ్మ మూలా టైము పడుతుంది. డాక్టరు కంప్యూటరు తిప్పి వాటిని ఒకదాని మీద ఒకటి పరుగెత్తించాడు.

"మనమేమైనా రైలెక్కామా డాక్టరుగారూ? మెల్లగా పోనివ్వండి."

ఆయన నిట్టూర్చి వేగం తగ్గించాడు. తెర మీద ఒక తడి సొరంగం ముడుచుకుంటూ, తెరుచుకుంటూ పోతోంది. కెమెరా దీపం పడ్డంత మేర వెలుగు, అవతల చీకటి. బాగున్న చోట పొర తడిసిన ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉంది. కొంచెం ముందుకెళ్లేసరికి వాచి, నిగనిగలాడుతూ, దద్దుర్లు లేచినట్టు ఎర్రటి చుక్కలు మొదలయ్యాయి. గోడ మీద నీలంగా నరాలు మెలికలు తిరిగాయి. ఇదే నేను చెప్పిన మార్పు అన్నాడు డాక్టరు. జల్లెడ తలాడించింది. ఇంకాస్త ముందుకు పోయాక చేయెత్తి ఆపమంది.

"ఇదీ అదే జబ్బా?"

"అదే."

"అక్కడ దద్దురులా ఉంది. ఇక్కడ ఎవరో కొరికినట్టుంది. రెండూ ఒకటేనా?"

డాక్టరు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. ముందుకు వంగాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వెళ్లాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. గుండ్రంగా అంచు తేలిన పుండు ఒకటి. కొంత దూరంలో ఇంకొకటి, మానిన మచ్చ. దాని అవతల మరొకటి, పచ్చిది.

తర్వాత ఆయన చెప్పినదాంట్లో ముందున్న విసుగు లేదు. ఒత్తిడి వల్ల వచ్చే మార్పు పొరంతా పరుచుకుంటుంది, ఇలా అంచులు కట్టి కొరకదు అన్నాడు. ఈ కొరుకుళ్లు నొప్పి మాత్రలవి. రక్తాన్ని పల్చబరిచేవీ అవే. కాలేయం చెడిన మనిషి, అందులోనూ పేగులు ఇలా మారిన మనిషి వాటిని ముట్టుకోకూడదు. ముట్టుకోవద్దని మేస్త్రీకి ఎన్నిసార్లు చెప్పానో అన్నాడు. పాతవి మానుతున్నాయి, కొత్తవి పుడుతున్నాయి కాబట్టి ఇది ఒక్కరోజు పని కాదు. వారాల తరబడి ఎవరో వేస్తున్నారు.

"మొన్న మీకెందుకు కనిపించలేదు?"

"నేను వెతికింది ఆ ఎర్ర చుక్కల కోసం. అవి కనిపించాయి. ఇక మిగతావి కూడా వాటి ఖాతాలోనే వేసేశాను."

ఆ మాట దాచకుండా చెప్పినందుకు జల్లెడ కణత నొప్పి కొంచెం తగ్గింది. బొమ్మలు మళ్లీ కదిలాయి. రెండు మడతల మధ్య గులాబీ రంగు మచ్చ ఒకటి మెరిసి మాయమైంది. ఆపమంది. తిన్నదాని తుక్కు అన్నాడు డాక్టరు, అలవాటు కొద్దీ.

"ఏం తిన్నాడని తుక్కు? ముందురోజు సాయంత్రం నుంచి ఆయన్ని ఎండగట్టింది మీరే కదా."

డాక్టరు దాన్ని పెద్దది చేశాడు. సగం పూత ఊడిపోయిన మాత్ర. గులాబీ పెంకు కింద తెల్లటి పిండి కరుగుతోంది. దాని పక్కనే గోడ మీద పచ్చి పుండు, పుండులోంచి సన్నగా ఎర్రటి ధార. కొన్ని మాత్రలకు ఇలాంటి పూత వేస్తారు, కడుపులో కరగవు, పేగులోకి దిగాకే విడిపోతాయి అని డాక్టరు చెప్పాడు. కడుపును కాపాడటానికి చేసిన ఏర్పాటు. ఈయనకు దెబ్బతిన్నదేమో పేగు.

జల్లెడ బొమ్మ మూలన వేలు పెట్టింది. పదీ నలభై.

"ఏం మరిదిగారూ, ఫ్లాస్కు ఎన్నింటికి వచ్చిందన్నావు?"

"పన్నెండు." తర్వాత వెంటనే, "పొద్దున ఇంట్లో మింగించి ఉండొచ్చు," అన్నాడు.

ముందురోజు సాయంత్రం నుంచి ఆయన ఆసుపత్రిలోనే ఉన్నాడని డాక్టరు గుర్తుచేశాడు. ఆ పొద్దున నర్సులు ఏ మందూ ఇవ్వలేదు. తోడుగా ఉన్నది ఒక్కరే, కొడుకు. కోడలు మధ్యాహ్నం వరకు ఈ మెట్లే ఎక్కలేదు.

ఇన్‌స్పెక్టరుకు కోపం వచ్చింది. "కన్నకొడుకండీ. ఇందాక కారిడార్‌లో గోడకు తల ఆన్చి ఏడుస్తుంటే నేనే నీళ్లు తాగించాను. మాత్ర కనిపించింది సరే. ఎవరిచ్చారో ఆ కెమెరా చెప్పిందా?"

"లేదు. అదొక్కటే నువ్వు ఇవాళ సరిగ్గా అన్న మాట. పద, మింగినాయన్నే అడుగుదాం."

ముగ్గురూ కింది అంతస్తుకు దిగారు. వార్డు తలుపు దగ్గర ఉన్న కానిస్టేబులు లేచి సెల్యూట్ కొట్టాడు. ఎవరెవరు లోపలికి వెళ్లారని జల్లెడ అడిగితే, సారు చెప్పినట్టు కొడుకును తప్ప ఎవర్నీ వదల్లేదమ్మా అని గర్వంగా చెప్పాడు. ఆమె మరిది వంక చూడలేదు. చూస్తే ఏమంటుందో ఆమెకే తెలియదు.

మేస్త్రీ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. రెండు రోజులుగా ఎక్కించిన రక్తంతో మాట మాత్రం నిలబడింది. ఎవరు ఏ మాత్రలు ఇస్తున్నారని ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర్నుంచే గద్దించాడు. మేస్త్రీ తనకేమీ తెలియదని కళ్లు మూసుకున్నాడు. జల్లెడ మరిదిని మోచేత్తో పక్కకు నెట్టి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మాత్రల ఊసు ఎత్తలేదు. మా ఇంట్లో పై పైపులో ప్రెషర్ ఎక్కువై జాయింట్లు ఊడిపోతున్నాయి, ఏం చేయమంటారు అని అడిగింది.

ఆయన కళ్లు తెరిచాడు. జాయింటు బిగించారా అని అడిగాడు. బిగించామంది. ఆయన నవ్వాడు.

"బిగిస్తే ఏమవుతుందమ్మా, ఇంకోచోట కారుతుంది. అడ్డం ఎక్కడుందో చూడాలి. పైపులో గార పట్టి ఉంటుంది. దాన్ని కరిగించే మందు పోస్తే నీళ్లు వాటంతట అవే పోతాయి."

"మీకు పోసినట్టా?"

ఆయన డాక్టరు వైపు దొంగచూపు చూశాడు. తర్వాత పనివాడి పౌరుషం గెలిచింది. ఈ డాక్టరుగారు మంచివారే గాని చేసింది జాయింటు పని అన్నాడు. గొంతులో ఉంగరాలు బిగించారు, కింద కారడం మొదలైంది. ముప్పై ఏళ్లుగా పైపులతో బతికినవాడికి ఆ మాత్రం తెలియదా? రక్తం చిక్కగా ఉంది కాబట్టి కాలేయంలో దూరడం లేదు. పల్చబడితే దారి దొరుకుతుంది, ప్రెషర్ దిగుతుంది. అందుకే మూడు నెలలుగా పల్చబడే మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాడు.

"ఈ సంగతి మీకు మీరే అనుకున్నారా, ఎవరైనా చెప్పారా?"

"మావాడు కనుక్కొచ్చాడు. పెద్ద డాక్టరెవరో రాసిచ్చాడట. ఈయనకు చెప్పొద్దన్నాడు, ఒకరి మందు ఇంకొకరికి గిట్టదు కదా." ఆయన గొంతు మెత్తబడింది. "పని కోడలికి ఇస్తానన్నాక వాడు అలుగుతాడనుకున్నానమ్మా. అంతకుముందు నా ముఖమే చూసేవాడు కాదు. అప్పట్నుంచి మాత్రలు వాడే స్వయంగా నోట్లో వేసి, నీళ్లు పట్టిస్తున్నాడు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇవాళ వేసుకున్నారా అని జల్లెడ అడిగింది. రెండు వేసుకున్నానన్నాడు ఆయన. రెండు రోజులు తప్పిపోయాయి కదా అని వాడే ఇచ్చాడు. ఎప్పుడంటే, అరగంట అయ్యుంటుంది.

డాక్టరు అప్పటికే నర్సును కేకేసి గొట్టం సిద్ధం చేయమంటున్నాడు. ఆ పూత కడుపులో కరగదు, పేగులోకి దిగకముందే నోట్లోంచి గొట్టం వేసి ఏరేయొచ్చు, కానీ ఎంతసేపు ఆగుతుందో చెప్పలేను అన్నాడు. దిగిందంటే ఇంకో మొన్నటి సాయంత్రం. అది ఈయన తట్టుకోలేడు. ఆ మాట మేస్త్రీకి వినపడకుండా చెప్పాడు. మేస్త్రీకి గొట్టం మాట మాత్రం వినపడింది. ఆయన నోరు గట్టిగా మూసుకుని, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

డాక్టరు బతిమాలాడు. ఇన్‌స్పెక్టరు బెదిరించాడు. నీ కొడుకే నిన్ను చంపుతున్నాడయ్యా అని కూడా అనేశాడు. దాంతో ఉన్న కాస్తా చెడింది. మేస్త్రీ దుప్పటి ముఖం దాకా లాక్కున్నాడు. దుప్పటి లోంచే మాట్లాడాడు.

"నా కోడల్ని పిలవండి. జ్వరమని రెండు రోజులుగా రాలేదట. ఆ పిల్ల చెబితే వింటాను. నా ముఖం మీదే తిడుతుంది గాని నాకు అబద్ధం చెప్పదు."

జల్లెడ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆమె ఏమీ అనకముందే అతను ఫోను తీశాడు. స్టేషన్ రైటరు ఎత్తాడు. ఆ అమ్మాయికి ఫోనివ్వమని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. అవతలి నుంచి ఏదో పొడుగ్గా జవాబు వచ్చింది. వింటున్నకొద్దీ అతని ముఖం మారిపోయింది. ఫోను మీద అరచేయి మూసి, వదినతో నెమ్మదిగా చెప్పాడు.

"ఒప్పుకుందట. ఇప్పుడే భర్త వచ్చి మాట్లాడాడట. మామగారు పొద్దున పోయారని చెప్పాడట. అది విని కాగితం అడిగి రాసిచ్చిందట."

"ఏమని?"

"ఖాళీ కడుపుతో ఉంచమన్న మనిషి ఆకలంటే సూపు తాగించాను, మామయ్యను నేనే చంపుకున్నాను అని. ఎలుకల మందు ఊసే లేదట."

"సూపు నేనే ఇమ్మన్నాను," అన్నాడు డాక్టరు. "మధ్యాహ్నం నుంచి ఇవ్వొచ్చు. ఆ అమ్మాయికి అదీ ఎవరూ చెప్పలేదా?"

జల్లెడ ఫోను లాక్కుని మేస్త్రీ దుప్పటి లోపలికి దూర్చింది.

"ఏమ్మా," అన్నాడు దుప్పటి లోంచి ముసలాయన. "జ్వరం తగ్గిందా?"

మామయ్యా అని అవతల ఒక ఆడగొంతు, ముందు ఏడుపు, తర్వాత తిట్లు, ఒకదాని మీద ఒకటి. మేస్త్రీ ఊఁ కొడుతూ విన్నాడు. ఇక్కడేదో గొట్టం అంటున్నారమ్మా, వేయించుకోనా అని అడిగాడు. అవతలి గొంతు ఇంకా పెద్దదైంది. ఆయన దుప్పటి తీసి, డాక్టరు వైపు చూసి, పళ్లెం ముందు పిల్లాడిలా నోరు తెరిచాడు.

మంచాన్ని చక్రాల మీద తోసుకుపోయారు. తలుపు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు గోడకు ఆనుకుని, ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. గొంతులో పాత దర్పం తెచ్చుకుని, భర్తను అక్కడే పట్టి ఉంచమని, తలుపులు వేయమని ఆర్డరేశాడు.

రైటరు జవాబు పక్కనే ఉన్న జల్లెడకు కూడా స్పష్టంగా వినపడింది. అమ్మాయి ఫోనులో మామయ్యా అనగానే భర్త లేచి నిలబడ్డాడట. నాన్నకు బాగాలేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని కాళ్లు పట్టుకున్నాడట.

"పాపం ఏడుస్తున్నాడు సార్," అన్నాడు రైటరు. "మన జీపులోనే పంపించాం. ఈపాటికి మీ దగ్గరికి వచ్చేసుంటాడు."

*

— మూడిళ్ల బామ్మ అంటారు నన్ను. డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మెట్ల కింది గదిలో ఉంటున్నాను.